విలియం పెట్టీ - జంటనావ

కృష్ణా గోదావరీ తీరములందు నివసించువారికి బల్లకట్టు క్రొత్త వస్తువు కాదు. రెండు పడవలను ప్రక్కప్రక్కన కొంత ఎడముగా నిలిపి, వానిపై అడ్డముగా దూలములు బిగించి, ఆ దూలములపై బల్లలు పఱచినచో బల్లకట్టు సిద్ధమగును. గోదావరి పాయలపై దీనిని పంటు అనియు పిలుతురు. ఒంటిపడవపై నెక్కింప వీలుకాని బండ్లు కూడ దీనిపై నిలిచి ఏఱు దాటును. పడవ యొక్కటియే యైనచో బరువు ఒక ప్రక్కకు చేరగానే అది ఒరుగును. రెండు పడవలు ఎడముగా నిలిచి ఒకదాని నొకటి పట్టుకొనియున్నపుడు అంత సులభముగా ఒరుగవు. బల్లకట్టులోని రహస్యమంతయు ఇంతియే.

నెమ్మదిగా పాఱు నదిపై పనిచేయు ఈ సూత్రము అలలతో ఎగసిపడు సముద్రముపై పనిచేయునా? పసిఫిక్ మహాసముద్రములోని దీవులవారు జంటదోనెలపై ఎన్నో శతాబ్దములకు పూర్వమే దూరయాత్రలు చేసిరి. కాని పదునేడవ శతాబ్దమునాటి ఇంగ్లండు నౌకానిర్మాతలకు అట్టి నావ వింతగా తోచెను. ఆ వింతను తానే యోచించి, తానే కట్టించి, గెలుపోటములు రెండింటిని సముద్రము చేతనే తీర్పు చెప్పించుకొన్న ధీశాలి సర్ విలియం పెట్టీ.

పెట్టీ 1623 వ సంవత్సరము మే నెల 26 వ తేదీన, ఇంగ్లండు దక్షిణభాగమున హాంప్‌షైరు మండలములోని రాంసీ అను చిన్న పట్టణమునందు జన్మించెను. తండ్రి బట్టలు తయారుచేయించి అమ్ముకొను సామాన్య గృహస్థు. బాలుడైన పెట్టీకి ఆటలకంటె పనివాండ్ర కొట్టముల యెదుట నిలిచి చూచుటయే ఎక్కువ ప్రీతి. కమ్మరి ఇనుమును కాల్చి సాగగొట్టుటయు, వడ్రంగి కొయ్యను చిత్రికపట్టుటయు, గడియారములు చేయువాడు చిన్ని చక్రములను ఒకదానితో నొకటి అమర్చుటయు గంటలకొలది చూచుచుండెను. పండ్రెండేండ్లు వచ్చునప్పటికే ఈ పనులలో దేనినైనను చేయగల నేర్పు అతనికి అలవడెనని, అతని మిత్రుడును జీవితచరిత్రకారుడును అగు జాన్ ఆబ్రే వ్రాసియున్నాడు.

ఇంటిలో కలిమి లేదు. పదునాలుగేండ్లు నిండీ నిండకముందే పెట్టీ ఒక వర్తకుల ఓడలో చిన్నపనులు చేయు కుఱ్ఱవాడుగా చేరెను. అచ్చట అతనికి తనలోని లోప మొకటి తెలిసివచ్చెను. ఒకనాడు ఓడ యజమాని అతనిని ఓడకొయ్య పైకెక్కించి, తీరముననున్న ఒక దేవాలయ శిఖరము కనబడగానే కేకవేయుమని ఆజ్ఞాపించెను. ఆ శిఖరము కనబడుచోట సముద్రము మెరకగా ఉండును. ఓడ అచ్చట జాగ్రత్తగా తిరుగవలెను. బాలుడు కన్నులు చిట్లించి ఎంత చూచినను శిఖరము కానరాలేదు. తుదకు యజమానియే క్రిందినుండి దానిని చూచి, గుండు వేసి లోతు కొలిపింపగా, ఓడ అప్పటికే మిక్కిలి లోతు తక్కువగు నీటిలోనికి వచ్చియుండెను. యజమాని కోపోద్రిక్తుడై త్రాటితో బాలుని కొట్టెను. పెట్టీకి దూరపు చూపు లేదని అంతవఱకు అతనికే తెలియదు.

ఓడలో చేరి సంవత్సరమైనను గడువకముందే ప్రమాదవశమున పెట్టీ కాలు విఱిగెను. పనికిరాని కుఱ్ఱవానిని మోసికొని తిరుగుట ఓడవారికి బరువయ్యెను. వారతనిని ఫ్రాన్సుదేశపు ఉత్తరతీరమున, నార్మండీలోని కాన్ నగరము చెంత దింపి తమ దారిని తాము పోయిరి. అది పరదేశము. తెలిసినవారు లేరు. చేతిలో సొమ్ము లేదు. అయినను బాలుడు అధైర్యపడలేదు. తనకు వచ్చిన ఇంగ్లీషు భాషను, ఓడ నడపు విద్యలోని లెక్కలను ఇతరులకు చెప్పి కూలి సంపాదించెను. చిల్లర నగలను కొని అమ్మెను. ఆ రాబడితో జెసూటు గురువుల విద్యాలయమున చేరి లాటిను, గ్రీకు, ఫ్రెంచి భాషలను, గణితమును అభ్యసించెను. తన్ను విడిచిపోయిన ఓడవలననే అతనికి చదువు దొరకినది.

ఇంగ్లండునకు తిరిగివచ్చి కొంతకాలము రాజుగారి నౌకాదళమున పనిచేసెను. ఇరువది యేండ్ల వయస్సునకు అరువది పౌనులు కూడబెట్టి, ఆ సొమ్ముతో హాలెండునకు వెడలి లైడెను నగరమున వైద్యశాస్త్రము చదివెను. పిదప పారిసు నగరమున తత్త్వవేత్తయగు థామస్ హాబ్స్‌ కడ కొంతకాలము గడపెను. అచ్చట ఒకప్పుడు రెండు పెన్నీల అక్రోటుకాయలతో వారమంతయు కడుపు నింపుకొనవలసి వచ్చెనని చెప్పుదురు. స్వదేశమునకు వచ్చి ఆక్స్‌ఫర్డులో వైద్యపట్టము పొంది, 1651 వ సంవత్సరమున అచ్చట శరీరశాస్త్ర ఆచార్యుడయ్యెను. అంతకు కొలదికాలము ముందు ఉరితీయబడిన యొక యువతి శరీరమును పరిశీలనకై తెచ్చినపుడు, ఆమెలో ఇంకను ఊపిరి కలదని గుర్తించి బ్రదికించిన వైద్యులలో పెట్టీ యొకడు. లోకులు చచ్చెనని నిశ్చయించినను, తాను పరీక్షింపనిదే దేనిని నమ్మకుండుట అతని స్వభావము.

1652 వ సంవత్సరమున పెట్టీ సైన్యమునకు వైద్యుడై ఐర్లండునకు వెడలెను. ఆ దేశమును జయించిన ఇంగ్లీషు ప్రభుత్వము అచ్చటి ప్రజల భూములను పెరికికొని తన సైనికులకును, ఋణదాతలకును పంచనెంచెను. పంచుటకు ముందు భూమిని కొలువవలెను గదా! పెట్టీ ఆ పనిని పదుమూడు నెలలలో ముగింతునని ఒప్పుకొనెను. పని నంతటిని చిన్నచిన్న భాగములుగా విభజించెను. చదువురాని సైనికులకు గొలుసు పట్టి కొలుచుట నేర్పెను. లెక్కలు కట్టువారు వేఱు, పటములు గీయువారు వేఱు. ఇట్లు తయారైన ఆ కొలత డౌన్ సర్వే అను పేర చరిత్ర కెక్కినది. ఒక దేశమునంతటిని అంత సవివరముగా కొలిచి పటములు వ్రాయుట ఆ కాలమున అపూర్వము. కాని ఆ పటములపై గీచిన ప్రతి గీతవెనుక భూమి కోల్పోయిన యొక కుటుంబము కలదని మఱువరాదు. పెట్టీ తానును ఆ దేశమున విస్తారమైన భూములు సంపాదించెను. కొలత సరియైనంత మాత్రమున పని న్యాయమైనది కాదు. అతని కీర్తిలో ఈ మచ్చ నిలిచియున్నది.

ఆ భూముల పంపకమువలన అతనికి శత్రువులును ఏర్పడిరి. ఒక సైనికాధికారి అతనిని ద్వంద్వయుద్ధమునకు పిలిచెనట. స్థలమును, ఆయుధమును నిర్ణయించు హక్కు పెట్టీది. చూపు తక్కువగు తాను పగటి వెలుగున ఓడుట నిశ్చయమని యెఱిగి, పెట్టీ చీకటి నేలమాళిగను స్థలముగాను, వడ్రంగి గొడ్డలిని ఆయుధముగాను కోరెనట. ఈ మాట వినగానే యుద్ధము నవ్వులలో ముగిసెనని ఆబ్రే వ్రాసెను.

1660 వ సంవత్సరమున లండనులో కొందఱు విద్వాంసులు కూడి, ప్రకృతి విషయములను ప్రయోగములవలన తెలిసికొనుటకు ఒక సంఘమును స్థాపించిరి. అదియే ప్రసిద్ధమైన రాయల్ సొసైటీ. దాని స్థాపకులలో పెట్టీ యొకడు. మరుసటి సంవత్సరమున రాజగు రెండవ చార్లెసు అతనికి సర్ బిరుద మొసంగెను. ఈ కాలముననే పెట్టీ మనస్సు మరల సముద్రము వైపు తిరిగెను.

అతని యోచన ఇట్టిది. ఓడ నీటిని త్వరగా చీల్చుకొని పోవలెనన్నచో సన్నగా ఉండవలెను. కాని సన్నని ఓడపై పెద్ద తెరచాప నెత్తినచో గాలికి బోర్లపడును. బోర్లపడకుండుటకు ఓడను వెడల్పు చేసి, అడుగున రాళ్లవంటి బరువును నింపవలెను. బరువు నింపిన ఓడ నీటిలో లోతుగా దిగి నెమ్మదిగా నడచును. ఈ చిక్కును విడదీయుటకు పెట్టీ ఒక ఓడకు మారుగా రెండు సన్నని నావలను తీసికొనెను. వానిని ఎడముగా నుంచి పైన వేదికతో కలిపినచో, సన్నదనమువలన వేగమును, ఎడమువలన నిలుకడయు రెండును చేకూరును. అడుగున బరువు నింపవలసిన పని లేదు. కావున నావ లోతు తక్కువైన రేవులలోనికి కూడ పోగలదు.

1662 వ సంవత్సరమున డబ్లిన్ నగరమున అతడు మొదటి నావను కట్టించెను. అది సుమారు 20 అడుగుల పొడవుగల చిన్న నావ. నున్నగా, గుండ్రముగా, పొడవైన పీపాలవలె నున్న రెండు తేలుడు కొయ్యలు, వానిపై ఒక వేదిక, వేదికపై తెరచాప. చూడవచ్చిన నావికులు నవ్విరి. ఇది అలలో విఱుగునని కొందఱు, తిరుగనే తిరుగదని కొందఱు పలికిరి. పెట్టీ వారితో వాదింపలేదు. రేవులోని మంచి పడవలతో పందెము కట్టి దానిని నడిపించెను. జంటనావయే ముందు నిలిచెను. రాయల్ సొసైటీ కోరికపై డబ్లిన్‌లోని సభ్యులు దానిని పరీక్షించి లండనునకు నివేదిక పంపిరి.

ఈ విజయముతో ఉత్సాహము పొంది, పెట్టీ మఱింత పెద్దదగు రెండవ నావను కట్టించెను. అది ముప్పది మంది మనుష్యులను, పది ఫిరంగులను మోయగలదు. 1663 వ సంవత్సరము జూలైలో దానికిని, ఐర్లండునకు జాబులు కొనిపోవు రాజుగారి టపా ఓడకును ఏబది పౌనుల పందెము జరిగెను. ఆ మార్గమున టపా ఓడను మించిన ఓడ లేదని ప్రసిద్ధి. వేల్సు తీరమునందలి హోలీహెడ్ రేవునుండి డబ్లిన్ వఱకు నడుమ అరువది మైళ్లకు పైబడిన సముద్రము. ఆనాడు సముద్రము పొంగి ఘూర్ణిల్లుచుండెను. రెండు ఓడలును ఒక్కసారిగా బయలుదేరెను. జంటనావ ఆ సాయంకాలము అయిదు గంటలకు డబ్లిన్ చేరెను. టపా ఓడ మఱునాటి ఉదయము ఎనిమిది గంటలకు గాని రాలేదు. అట్టి సముద్రమున జంటనావ మునిగిపోయియుండునని టపా ఓడవారు తలంచిరి. తీరా రేవు చేరి చూచునప్పటికి అది వారికంటె పదునైదు గంటల ముందే వచ్చి లంగరు వేసియుండెను. ఈ వార్త లండనున పెద్ద సంచలనము కలిగించినది. ప్రసిద్ధ దినచర్యకారుడగు సామ్యూల్ పెపిస్ దీనిని తన దినచర్యలో వ్రాసికొనెను.

అయినను గెలిచినంత మాత్రమున లోకులు నమ్ముదురా? 1664 వ సంవత్సరము ఫిబ్రవరిలో రాజు తన కొలువుననే పెట్టీ నావను గూర్చి గంటకు పైగా పరిహాసమాడెను. గాలిని తూచుటకు కాలము వ్యయపఱచు రాయల్ సొసైటీవారిని కూడ నవ్వెను. కొలువువారందఱును రాజుతో కలిసి నవ్విరి. పెట్టీ తొందరపడలేదు. రాజుగారి పడవలలో మేలైనదానితో తన నావకు పందెము కట్టుటకు సిద్ధమని మాత్రము వినయముగా విన్నవించెను. రాజు పందెమున కొప్పుకొనలేదు; నవ్వుటయు మానలేదు.

కాని ఆ సంవత్సరము ముగియకముందే పరిస్థితి మాఱెను. డిసెంబరు 22 వ తేదీన పెట్టీ కట్టించిన మఱియొక పెద్ద జంటనావ నీటిలోనికి దింపబడినపుడు రాజే స్వయముగా వచ్చి దానికి ఎక్స్‌పెరిమెంటు అని నామకరణము చేసెను. ఆ మాటకు ప్రయోగమని అర్థము. ప్రయోగ మనగా ఫలితము ముందుగా తెలియని పని. గెలుపుతోపాటు ఓటమికిని అందు చోటు కలదు.

ఎక్స్‌పెరిమెంటు తెరచాప లెత్తి దక్షిణదిశగా దూరయాత్రకు వెడలెను. పోవునపుడు క్షేమముగా పోయెను. తిరుగుప్రయాణమున బిస్కే అఖాతములో దారుణమైన తుఫాను చెలరేగెను. ఆ తుఫానులో ఇతరుల ఓడలును అనేకము మునిగెను. ఎక్స్‌పెరిమెంటు కూడ తనలోని నావికులతో సహా సముద్రగర్భమున కలిసిపోయెను. ఆ నావికుల పేర్లు చరిత్రలో నిలువలేదు. క్రొత్త యోచనను పరీక్షించుటకు పెట్టీ తన ధనమును ఒడ్డెను. వారు తమ ప్రాణములను ఒడ్డిరి.

నావ యేల మునిగెనో చూచి చెప్పుటకు ఎవ్వరును మిగులలేదు. కాని జంటనావలకు సహజమైన యొక బలహీనత మనకు తెలియును. పెద్ద అలలలో రెండు నావలు ఒకేరీతిగా కదలవు. ఒకటి అలపై కెక్కునపుడు రెండవది పల్లములోనికి దిగును. అప్పుడు వానిని కలుపు దూలములు మెలివడును. ఆ మెలిని అంతటిని దూలములును, వాని కీలులును ఓర్చుకొనవలెను. నాటి నిర్మాతలకు కొయ్యయు, ఇనుపమేకులును తప్ప వేఱు సాధనము లేదు. నావ పెరిగినకొలది ఆ మెలిపెట్టు బలము మిక్కిలి పెరుగును. కావున రేవులో గెలిచిన చిన్న నావ, మహాసముద్రమున పెద్ద నావకు పూచీ కాజాలదు.

ఎగతాళి చేసినవారికి ఇప్పుడు మాట దొరకినది. ఇతర ఓడలు మునిగినపుడు వారు తుఫానును నిందించిరి. జంటనావ మునిగినపుడు దాని ఆకారమును నిందించిరి. పెట్టీ తన యోచనను విడువలేదు. నావికులు దొరకి, రాజాజ్ఞ లభించినచో అట్టి మఱియొక నావపై తానే స్వయముగా ప్రయాణము చేయుదునని మిత్రుడగు జాన్ ఎవెలిన్‌తో పలుమారులు చెప్పెను. ఇతరులను పంపి తాను తీరమున నిలుచుట తగదని అతడు గ్రహించినట్లు ఈ మాటవలన తోచును. కాని నావికులు ముందునకు రాలేదు. వారిని తప్పుపట్టుటకును వీలులేదు.

ఇరువది యేండ్లు గడచెను. ఈ నడుమ పెట్టీ మఱియొక శాస్త్రమునకు పునాది వేసెను. దేశమున ఎందఱు జనులు కలరు, ఎంత పంట పండును, పన్నుల భారము ఎవ్వరిపై ఎంత పడును అను విషయములను ఊహలతో గాక సంఖ్యలతోను, తూకముతోను, కొలతతోను చెప్పవలెనని అతడు బోధించెను. దీనికి రాజకీయ గణితమని పేరు పెట్టెను. ఈ విషయమై అతడు రచించిన ముఖ్యగ్రంథము అతని మరణానంతరము 1690 వ సంవత్సరమున ప్రకటింపబడెను. నేటి అర్థశాస్త్రమునకును, గణాంక శాస్త్రమునకును దారి చూపినవారిలో పెట్టీని ముఖ్యునిగా ఎన్నుదురు.

1684 వ సంవత్సరమున, అరువదియొకటవ యేట, పెట్టీ డబ్లిన్‌లో కడపటి జంటనావను కట్టించెను. ఆ యేడే డబ్లిన్ విద్వాంసుల సంఘమునకు అతడు అధ్యక్షుడయ్యెను. నగరమంతయు ఆ నావను గూర్చియే చెప్పుకొనెను. కాని డబ్లిన్ అఖాతమున పరీక్షించినపుడు ఆ నావ ఏమాత్రమును సరిగా నడువలేదు. ఇరువది యేండ్ల క్రిందట టపా ఓడను ఓడించి తన నావ సగర్వముగా ప్రవేశించిన అఖాతము అదియే. అచ్చటనే, తన యూరివారి యెదుటనే, ముదిమిలో అతడు ఓటమి నందెను. సంఖ్యలనే నమ్మవలెనని చెప్పినవాడు, సంఖ్యలు తనకు ప్రతికూలమైనపుడు వానిని త్రోసివేయరాదు. అటుపిమ్మట మఱియొక జంటనావ అతని చేతిమీదుగా సముద్రమున దిగలేదు.

1687 వ సంవత్సరము డిసెంబరు 16 వ తేదీన పెట్టీ లండనులో పరమపదించెను. బాల్యమున కమ్మరి కొట్టముల యెదుట నిలిచిన రాంసీ పట్టణముననే, అచ్చటి ప్రాచీన దేవాలయమున అతని శరీరము భూస్థాపితమయ్యెను.

జంటనావ మాత్రము ఆతనితో మరణింపలేదు. 1876 వ సంవత్సరమున అమెరికాలో నతానియేల్ హెరెషాఫ్ అను యువకుడు జంటనావ నొకదానిని నిర్మించి, న్యూయార్కు నౌకాపందెములలో పేరుగన్న పడవలను వెనుకవైచెను. 1952 ప్రాంతమున అదే దేశమున మిన్నెసోటా రాష్ట్రమున ఆంబ్రోస్ వీర్స్ అనునాతడు ఇనుప పీపాలను వరుసగా అతికి రెండు తేలుడు దండములు చేసి, పైన కొయ్యవేదిక నమర్చి సరస్సులో తేలించెను. దానినుండియే నేడు సరస్సులపై విహరించు తేలుడువేదిక పడవలు ఒక పరిశ్రమగా పెరిగెను. రెండు పీపాలు, ఒక వేదిక: 1662 లో డబ్లిన్ నావికులు చూచి నవ్విన ఆకారమునకు ఇది దగ్గఱ చుట్టము. ఇంగ్లీషువారు ఇట్టి జంటనావలకు వాడు కాటమరాన్ అను పేరు మన ప్రక్కనున్న తమిళుల కట్టుమరము నుండి పుట్టినదే.

మఱియొక్క సంగతి. ఉక్కును, అల్యూమినియమును, గట్టి అతుకులును నిర్మాతల చేతికి వచ్చిన పిదప, కొయ్యదూలములు ఓర్వజాలని మెలిని ఓర్చుకొనుట సాధ్యమయ్యెను. 1996 వ సంవత్సరమున ఒక గొప్ప జంటనావ వందలకొలది ప్రయాణికులను, మోటారు బండ్లను ఎక్కించుకొని, రెండు గంటలలోపుగా సముద్రము దాటుట ప్రారంభించెను. అది బయలుదేరిన రేవు హోలీహెడ్. చేరిన తీరము డబ్లిన్ అఖాతము. పెట్టీ నావ ఒకనాడు గెలిచినదియు, మఱొకనాడు ఓడినదియు ఆ నీటియందే. అతని లెక్క తప్పు కాలేదు. దానిని మోయగల దూలము మాత్రము ఆనాటికి ఇంకను పుట్టలేదు.